అరువు పటాల మీద మన చెరువులు



తెలుగువారి చిన్నచిన్న అంతర్జాల ఉపకరణాలు ఎన్నో మన కళ్ళముందే పుట్టాయి, కొంతకాలం చక్కగా నడిచాయి, ఒకనాడు ఆగిపోయాయి. కట్టినవారికి ఓపిక చాలలేదని తేలికగా అనేస్తూ ఉంటాము. కొన్నింటి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ చాలావాటి కోడులో ఒక్క అక్షరమైనా చెడలేదు. అవి ఆధారపడిన పరాయి సేవ తన తీరు మార్చుకుంది, అంతే. పటాలను చూపే ఉపకరణాలకు ఈ గతి మరీ తరచుగా పడుతోంది. దీన్ని ప్రోగ్రామర్ల తలనొప్పిగా వారికే వదిలేయడం నాకు సమ్మతం కాదు. ఊరి సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

ఏపీఐ అన్న మాట ఎరుగనివారికి రెండు ముక్కలు. ఒక సాఫ్టువేరు మరొకదానిని “నాకీ పని చేసిపెట్టు” అని అడిగేందుకు ఏర్పరచిన వాకిలి అది. ఎలా పిలవాలి, ఏ పేరుతో పిలవాలి, రోజుకు ఎన్నిసార్లు పిలవవచ్చు అన్నవన్నీ ఇంటివాడే నిర్ణయిస్తాడు. వాకిలిని తూర్పు నుండి ఉత్తరానికి మార్చుకునే హక్కు కూడా అతనిదే. అనంతపురం మెట్టనేలల్లో పక్కవాడి బోరు నీళ్ళతో పైరు పెట్టేవారు విత్తనం వేయక మునుపే పంటలో ఎంత పాలు ఇవ్వాలో మాట్లాడుకుంటారు. అంతర్జాలంలో మనం చేసుకునే ఒప్పందం మాత్రం అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. చదవకుండానే “అంగీకరిస్తున్నాను” అన్న మీట నొక్కుతాము.

ఈ కథ ఎంత వేగంగా నడిచిందో చూడండి. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. అప్పటికి బయటివారికి వాకిలి లేదు. అయినా పాల్ రాడమాకర్ అనే ప్రోగ్రామరు ఆ పటం లోపలి కోడును విప్పి చూసి, అద్దె ఇళ్ళ ప్రకటనలను దానిమీద అతికించి హౌసింగ్‌మ్యాప్స్ అనే పుటను కట్టాడు. ఆ ఏడాది జూన్‌లోనే అధికారికంగా ఏపీఐ విడుదలయింది. 2006లో రెండవ కూర్పు, 2009లో మూడవ కూర్పు వచ్చాయి. 2010 మేలో రెండవదానికి కాలం చెల్లిందని ప్రకటించి, మూడేళ్ళ గడువిచ్చి, దానికి మరో ఆర్నెల్లు కలిపి 2013 నవంబరు వరకూ సాగనిచ్చారు. నిజం చెప్పాలంటే అది ఉదారమైన గడువే. అయితే రెండవ కూర్పుకు రాసిన పుట మూడవదానితో నడవదు. జీమ్యాప్2, జీమార్కర్, జీలాట్‌లాంగ్ అంటూ జీ అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ తీసి కొత్తవి రాసుకోవాలి. మూడవ కూర్పులోని ఆ మార్కరును సైతం 2024 ఫిబ్రవరిలో పాతదిగా ప్రకటించి, దాని స్థానంలో మరొకటి వాడమన్నారు.

పేర్ల మార్పు నాకు పెద్ద బాధగా తోచదు. ఒక ఆదివారం కూర్చుంటే తీరిపోయే పని. బరువైనది లెక్కల మార్పు. 2011 అక్టోబరులో రోజుకు 25,000 సార్ల వరకే ఉచితమని హద్దు పెట్టారు. మనబోటి పుటలకు అది ఆకాశమంత హద్దు, ఎవరమూ పట్టించుకోనక్కరలేకపోయింది. 2018 జులైలో పద్ధతి మొత్తం మారింది. తాళంచెవి తప్పనిసరి, దానికి బిల్లు ఖాతా తప్పనిసరి, నెలకు 200 డాలర్ల మేర ఉచితం, ఆపైన వెయ్యి పటాలకు 7 డాలర్లు. గుణించి చూస్తే ఉచితభాగం నెలకు సుమారు 28,500 పటాలు. అంటే మునుపు ఒక్కరోజుకు ఇచ్చినది అప్పుడు నెలంతటికీ సరిపెట్టుకోవలసి వచ్చింది. 2024 ఆగస్టు నుండి భారతదేశంలో ధరలు బాగా తగ్గించారు, రూపాయలలో చెల్లించే వీలు కల్పించారు. 2025 మార్చి నుండి ఆ 200 డాలర్ల పద్ధతి పోయి, ఒక్కొక్క సేవకు విడివిడిగా ఉచిత పరిమితులు వచ్చాయి.

మన పుటలకు నెలకు 28,000 మంది ఎక్కడ వస్తారు, భయమెందుకు అనవచ్చు. ఇక్కడే మెలిక ఉంది. ఖర్చు సున్నా అయినా ఖాతా తెరవక తప్పదు, ఆ ఖాతాకు కార్డు చూపక తప్పదు. పల్లెబడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు తన సొంత కార్డు సంఖ్యను పరాయి సంస్థ చేతిలో పెట్టి, తన ఊరి పటాన్ని లోకానికి ఉచితంగా చూపాలి. తాళంచెవిని ఎవరైనా కాజేసి వాడుకుంటే బిల్లు ఈయనకు వస్తుంది. ఎంతమందికి ఆ ధైర్యం ఉంటుంది? నాకైతే లేదు.

పెద్దవారి సంగతి వేరు. ఓలా సంస్థ 2024 జులైలో గూగుల్ పటాలను వదిలి సొంత పటాలకు మారింది. అంతకుమునుపు వాటికోసం ఏటా వంద కోట్ల రూపాయలు ఖర్చయ్యేదని ఆ సంస్థ అధిపతి అప్పట్లో ప్రకటించారు. వంద కోట్లు కట్టేవాడికి వెళ్ళిపోయే శక్తి కూడా ఉంటుంది. పైసా కట్టనివాడికి అడిగే నోరూ లేదు, వెళ్ళే దారీ లేదు.

ఇక మా సోమందేపల్లె సంగతి. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే జాతీయ రహదారిమీద ఉన్న మండల కేంద్రమిది. వానలు లెక్కగా పడే ప్రాంతం. చెరువులు, కుంటలు, వంకలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ ఏడు ఏది నిండిందో, ఏ చెరువు మరవ పారిందో ఒకచోట చేర్చాలని ఒక పుట కట్టుకున్నాను. సమాచారమంతా తెలుగులో. అడుగున పటం మాత్రం ఒక సంస్థ ఇచ్చే సేవ (పేరుతో పని లేదు). ఆ సేవ తన తీరు మార్చుకున్న ప్రతిసారీ చెరువులన్నీ ఒక బూడిదరంగు పలకమీద ఇంగ్లీషు హెచ్చరికగా మారిపోయేవి. ఇప్పటికి మూడుసార్లు దానిని తిరగరాశాను. మూడుసార్లూ చెరువులు మాత్రం పోలేదు. వాటి పేర్లు, అక్షాంశ రేఖాంశాలు, నిండిన సంవత్సరాలు అన్నీ మొదటినుండీ ఒక మామూలు పాఠ్యపు ఫైలులో ఉన్నాయి. కామాలతో వేరుచేసిన వరుసలు, అంతే. నోటుప్యాడులో తెరుచుకుంటుంది. ఏ పటం కిందికి తోసినా ఒదిగిపోతుంది.

ఆ అంకెలు ఎక్కడివన్నది మరీ ముఖ్యం. ఊరిపేరు ఇస్తే స్థానం చెప్పే సేవలున్నాయి. మన పల్లెల విషయంలో వాటి తెలివి అంతంతమాత్రం. ఒక గ్రామంలోని కొత్తచెరువు ఎక్కడని అడిగితే, అదే పేరుతో పుట్టపర్తి దగ్గర ఉన్న మండల కేంద్రానికి తీసుకుపోయి నిలబెడుతుంది. సోమందేపల్లె, సోమందేపల్లి అని రెండు విధాలుగా రాస్తారు కదా, ఇంగ్లీషులోకి పోయేసరికి అవి రెండు ఊళ్ళయినా ఆశ్చర్యం లేదు. సరిగ్గానే చెప్పిందనుకోండి, ఆ జవాబు మనది కాదు. గూగుల్ నిబంధనల ప్రకారం అలా పొందిన అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి దాచుకోరాదు. కట్టమీదికి నడిచి వెళ్ళి, తూము దగ్గర నిలబడి, చేతిలోని ఫోనుతో మనమే రాసుకున్న అంకెకు అలాంటి గడువేదీ లేదు. 2000 మేలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలను కావాలని మసకబరిచే పద్ధతిని ఎత్తివేసినందున ఆ అంకె కట్టనూ పొలాన్నీ వేరుచేసి చూపగలిగినంత నికరంగా వస్తోంది. నా చెరువులన్నీ అలా నడిచి తెచ్చుకున్నవే. ఎండాకాలం మధ్యాహ్నాలు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ గొంతు ఆరిపోతుంది.

ప్రతి మార్పులోనూ దురుద్దేశం వెతకడం తగదు. 2016 ఏప్రిల్‌లో క్రోమ్ 50వ కూర్పు, గుప్తీకరణ లేని పుటలకు చదువరి ఉన్న స్థానాన్ని చెప్పడం మానివేసింది. ఉచిత వసతిమీద పాత పద్ధతిలో నడిచే పుటలలో “నేనెక్కడున్నాను” మీటలన్నీ మూగబోయాయి. చికాకు కలిగింది గానీ అది న్యాయమైన మార్పు. మనిషి ఎక్కడున్నాడన్నది దారిన పోయేవాడు వినదగ్గ విషయం కాదు. అలాగే, ఉచితంగా ఇచ్చేవాడు కలకాలం ఇవ్వాలని ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. నా అభ్యంతరం ఒక్కటే. మార్పు ఖర్చు ఎప్పుడూ చివరనున్నవాడి నెత్తిన పడుతుంది, వాడేమో జీతం లేకుండా పనిచేసేవాడు.

తెలుగు బ్లాగరులకు ఇది కొత్త పాఠం కాకూడదు. ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి, ఒక్కో సంకేతపద్ధతి ఉన్న రోజులు మనం చూశాము. ఆ ఖతి పోతే అక్షరాలన్నీ అర్థంలేని గీతలయ్యేవి. యూనికోడుకు మారడమంటే మన రాతను పరాయి వాకిలి నుండి విడిపించుకోవడమే. ఆ పాత అక్షరాలను యూనికోడులో చూపడానికి నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్సుకు ‘పద్మ’ అనే పొడిగింతను తయారుచేశారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాత తరహా పొడిగింతలనన్నింటినీ నిలిపివేసింది. పద్మ ఆ తరహాదే. అయితే పద్మలోని లిప్యంతరీకరణ కోడే వీవెన్ గారి లేఖినికి ఆధారం. లేఖిని తన పని అంతా పుటలోనే, చదువరి విహరిణిలోనే చేసుకుంటుంది, ఎవరి వాకిలీ తట్టదు. గూగుల్ వారి లిప్యంతరీకరణ ఏపీఐని 2011లోనే కాలం చెల్లినదిగా ప్రకటించారు. లేఖిని పెట్టె అప్పటిలాగే అక్షరాలు పుట్టిస్తోంది.

పటాన్ని అలా పూర్తిగా పుటలో ఇముడ్చుకోలేము, నిజమే. కానీ మధ్యలో ఒక సన్నని పొర వేసుకోవచ్చు. నా కోడులో ఎక్కడా సంస్థల పేర్లు లేవు. “పటం పరువు”, “గుర్తు పెట్టు”, “మాట చూపు” అని మూడు ప్రమేయాలు రాసుకున్నాను. మిగతా పుటంతా వాటితోనే మాట్లాడుతుంది. సేవ మారితే ఆ మూడింటి లోపలిభాగం మాత్రమే మారుతుంది. ప్రోగ్రామర్లకు ఇది ఎప్పటినుండో తెలిసిన ఉపాయమే, ఇందులో నా ఘనత ఏమీ లేదు. ఇప్పుడు ఆ మూడింటి వెనక ఉన్నది లీఫ్లెట్. వ్లదిమిర్ అగాఫోన్కిన్ 2011లో విడుదల చేసిన చిన్న గ్రంథాలయమది. పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారిది.

అక్కడ కూడా పటపు పలకలను పంపే సర్వరు అరువుదే. విపరీతంగా వాడితే ఆపివేస్తామని వారూ చెబుతారు. 2009లో ఇస్రో తెచ్చిన భువన్ ప్రభుత్వానిదే అయినా సేవ సేవే. తేడా ఎక్కడంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దత్తాంశం మొత్తాన్నీ దించుకుని మన దగ్గర పెట్టుకోవచ్చు, మూలం పేర్కొని పంచుకోవచ్చు. ఆ పటంలో ప్రతి ఊరికీ ప్రతి చెరువుకూ తెలుగు పేరు చేర్చడానికి విడిగా ఒక గడి ఉంది. స్వేచ్ఛా లైసెన్సు విలువ 2020 డిసెంబరులో మరోమారు తెలిసింది. మ్యాప్‌బాక్సు సంస్థ తన పట గ్రంథాలయపు లైసెన్సును కఠినం చేయగానే, పాత స్వేచ్ఛా కూర్పును పట్టుకుని బయటివారు మ్యాప్‌లిబ్రె పేరుతో కొనసాగించారు. వాకిలి మూసినా ఇల్లు కట్టుకునే నమూనా చేతిలో మిగిలింది.

పైగా, ఏపీఐలు మారకపోయినా ఊళ్ళు మారుతూనే ఉంటాయి. మా రహదారి 7వ నంబరుగా ఉండి 2010 తరువాత 44 అయింది. అనంతపురం జిల్లాలో ఉన్న సోమందేపల్లె 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఎర్రమంచి దగ్గర మెట్టభూములు కియా కార్ల కర్మాగారమయ్యాయి. సొంత ఫైలులో ఇవన్నీ సంవత్సరంతో సహా రాసుకుంటాము. పరాయి పటంలో పాత జిల్లా పేరు ఒక రాత్రికి రాత్రి చెరిగిపోతుంది, మునుపు ఏమని ఉండేదో ఆనవాలు కూడా ఉండదు.

2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకం మిత్రులలో కొందరికి గుర్తుండవచ్చు. అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలో రైతులే వానను కొలిచి, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, పుస్తకాలలో రాసి, ఊరి గోడలమీద అందరికీ కనబడేలా పెట్టేవారు. రబీలో ఏ పైరు ఎంత వేయాలో ఆ లెక్కను ముందుంచుకుని మాట్లాడుకునేవారు. ఆ గోడకు ఏ తాళంచెవీ అక్కరలేదు. అటువంటి పుస్తకాలు మీ ఊళ్ళలో ఎవరి అటకమీదనైనా ఉంటే, పటం సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందుగా వాటిని యూనికోడులోకి ఎక్కించండి. తేదీ, స్థలం, లోతు అనే మూడు నిలువు వరుసలు చాలు. లోతు అడుగులలోనా మీటర్లలోనా అన్నది తలకట్టులో రాయడం మరువకండి.