ఒంటిగది ఇంట్లో గొంతులు: తట్టుకోవడం ఎవరి బాధ్యత?

ఎవరూ మాట్లాడకపోయినా గొంతులు వినబడతాయి. ఎవరూ ముట్టకపోయినా ఒంటి మీద పురుగులు పాకినట్టు ఉంటుంది. అనుభవించే మనిషికి అది అబద్ధం కాదు. మన వాడల్లో మాత్రం దానికి మొదట దొరికే పేరు ‘గాలి సోకింది’, ఆ తర్వాత ‘చేతబడి’. ఆ రెండో మాట ఎవరి మీద నిందగా పడుతుందో మనకు తెలియనిది కాదు.

ఇంట్లో తట్టుకునే దారులున్నాయి. గొంతులు మొదలైనప్పుడు కూనిరాగం తీయడం, పైకి చదవడం, ఇయర్‌ఫోన్‌లో పాట వినడం కొందరికి ఊరటనిస్తాయి. ఒంటి మీద ఏదో పాకినట్టుంటే చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోవచ్చు. ఇంటివాళ్లు ‘అదంతా నీ భ్రమ’ అని వాదించకూడదు, తమకూ వినబడుతోందని నటించకూడదు. ‘నాకు వినబడట్లేదు, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది, పక్కనే ఉంటా’ అంటే చాలు. డాక్టర్ని అడక్కుండా మందులు ఆపకూడదు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేశాక ఇవి మొదలైతే, గొంతులు ‘చచ్చిపో’ అంటుంటే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అయితే ఈ సలహాలన్నీ నిశ్శబ్దంగా ఉండే గదినీ, పక్కన కూర్చునే తీరికనూ ఊహించుకుంటాయి. ఒక్క గదిలో ఐదుగురు బతికే ఇంట్లో, కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో, ఆ రెండూ ఎక్కడివి? అందుకే తట్టుకునే భారాన్ని మొత్తం కుటుంబం మీదే వేయడం అన్యాయమని మేం అంటున్నాం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగితే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, చికిత్స ఉచితమని 18వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలోని మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై స్థాయి దాకా ఎప్పుడూ ఉచితంగా దొరకాలనీ అదే సెక్షన్ అంటోంది.

ఇది దయ కాదు, హక్కు. మిత్రులారా, మీ మండలానికి దగ్గర్లోని సెంటర్‌లో ఆ మందులున్నాయా అని సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416ను కమ్యూనిటీ హాలు గోడ మీద రాయండి. భూమి గురించి, స్కాలర్‌షిప్ గురించి మాట్లాడే సంఘం మీటింగ్‌లోనే దీని గురించీ మాట్లాడుకుందాం. గొంతులు వినేవాళ్ల గొంతు కూడా అక్కడ వినబడాలి.