ముక్కను గుమ్మం దాటనివ్వండి

మ్యాచింగ్ సెంటర్లో చక్కగా కలిసిన జాకెట్టు ముక్క ఇంటికొచ్చాక కలవదు. కొట్టువాడు మోసం చేశాడంటారు. బట్టలు కుట్టే నా దగ్గరికి ఈ పంచాయితీలు తరచూ వస్తాయి. చాలాసార్లు తప్పు దీపానిది.

చీర పట్టు, ముక్క పాలిస్టర్. వాటి అద్దకాలు వేరు, అవి వెనక్కి పంపే కాంతీ వేరే. కానీ మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలే. ఆ మూడూ ఒకే తీరుగా స్పందిస్తే రెండు బట్టలూ ఒకే రంగంటాం. దీపం మారగానే ఆ లెక్క చెడుతుంది. వంగపండు రంగైతే మరీ మొండిది.

ఎల్ఈడీ కొనేటప్పుడు వాట్లే చూస్తాం. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకెను ఎవరడుగుతారు? అడిగినవాళ్లూ 80 ఉంటే చాలనుకుంటారు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అనే కొలత ఆ అంకె లెక్కలో కలవనే కలవదు. పెళ్లి చీరలమ్మేవాళ్లకు కావాల్సింది మరి అదే!

రంగులు సరిచూసేవాళ్లు 6500 కెల్విన్ పగటి వెలుగు దీపం వాడతారు. అలాంటిదొకటి గల్లా పక్కన పెట్టడం కొట్లకు భారమేం కాదు. లేదంటే చీరనూ ముక్కనూ ఎండలోకి తీసుకెళ్లి చూసుకోనివ్వాలి. వద్దనే కొట్లో నేను కొనను. రాత్రి రిసెప్షన్‌కు కట్టే చీరైతే మాత్రం పసుపు బల్బు కింద కూడా ఓసారి చూడమంటాను.