దోసెడు నీళ్ళ కోసం ఇంత గొడవా?

మా ఆఫీసులో ఓ మిత్రుడున్నాడు. వాళ్ళది గుంటూరు, తరాల నుంచీ లూథరన్లు. వాళ్ళావిడది ఒంగోలు వైపు, బాప్టిస్టు కుటుంబం. మొన్నామధ్య పాప పుట్టింది. ఇహ చూస్కోండి, వియ్యపురాళ్ళిద్దరికీ చల్లటి యుద్ధం మొదలు. "పాపకి బాప్తిస్మం ఎప్పుడనుకుంటున్నారు వదినగారూ?" అని వీళ్ళమ్మగారు. "దానికి ఊహ తెలిశాక అదే అడిగి తీసుకుంటుంది లెండి వదినగారూ, తొందరేముంది?" అని వాళ్ళమ్మగారు. మధ్యలో మావాడు క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు.

"దోసెడు నీళ్ళ కోసం ఇంత గొడవేంట్రా?" అనేశాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఊరికే తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాక, ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది. ఇదే తగువు మీద ఇంగ్లండులో నూటయాభై ఏళ్ళు కొట్టుకున్నారు. జైళ్ళకి పోయారు, కాలి బూడిదయ్యారు. చదివిన కొద్దీ నాకర్థమైందేంటంటే, అది అసలు నీళ్ళ తగువే కాదు. మనిషి ఒక సమాజానికి చెందేది పుట్టుకతోనా, తన ఒప్పుకోలుతోనా అన్న తగువు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1534లో ఎనిమిదో హెన్రీ రోముతో తెగతెంపులు చేసుకుని, తనే ఇంగ్లండు చర్చికి పెద్ద అయ్యాడు. అంటే ఊరూ, చర్చీ, రాజ్యం అన్నీ ఒకటే. 1538లో రాజు దగ్గర పని చేసే థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలూ, పెళ్ళిళ్ళూ, ఖననాలూ రాసే రిజిస్టరు పెట్టమని ఆజ్ఞ వేశాడు. పుట్టిన బిడ్డని కొద్దిరోజుల్లోనే చర్చికి తీసుకెళ్ళాలి. బిడ్డ తరఫున జ్ఞాన తల్లిదండ్రులు ప్రమాణాలు చేస్తారు, పేరు రిజిస్టరుకెక్కుతుంది. మన భాషలో చెప్పాలంటే, అకౌంటు పుట్టగానే తయారు, "నాకు సమ్మతమే" అన్న బటను మాత్రం వేరేవాళ్ళు నొక్కుతారు :)

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ప్రొటెస్టెంట్లు రోము మీద వాడిన ఆయుధమే వాళ్ళకి ఎదురు తిరిగింది. "బైబిల్లో లేనిది మేం ఒప్పుకోం" అని కదా వాళ్ళు విడిపోయింది? సరే, కొత్త నిబంధనలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చినట్టు ఎక్కడుందో చూపించండి అన్నారు కొందరు. నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అని కదా ఉంది? పాలు తాగే బిడ్డ ఏం నమ్ముతుంది?

అవతలి వాళ్ళేం తెలివితక్కువ వాళ్ళు కాదు. ఆదికాండంలో అబ్రాహాముతో చేసిన నిబంధనకి గుర్తు సున్నతి. అది ఎనిమిదో రోజునే చేసేవారు, పిల్లాడి అనుమతి ఎవరూ అడగలేదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు సున్నతి గురించీ బాప్తిస్మం గురించీ ఒకేచోట మాట్లాడాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటిల్లిపాదితో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఇంట్లో పిల్లలు లేరని ఎవరు చెప్పగలరు? అని వీళ్ళ వాదన.

మరి వాదనతో ఆగక మనుషుల్ని ఎందుకు కాల్చారు? భయం. 1534-35లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరాన్ని అనబాప్టిస్టులు, అంటే మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, చేజిక్కించుకున్నారు. ఆస్తులన్నీ ఉమ్మడి అన్నారు, మగవాళ్ళు ఒకరికంటే ఎక్కువ మంది భార్యల్ని కట్టుకోవచ్చన్నారు, చివరికి ముట్టడిలో ఊరు రక్తసిక్తమైంది. దాంతో యూరప్ మొత్తమ్మీద ఆ పేరు వింటేనే పాలకులకి ఒళ్ళు జలదరించేది. శాంతంగా ఉండేవాళ్ళకీ అదే ముద్ర. 1575లో లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ఇద్దరు డచ్చి అనబాప్టిస్టుల్ని సజీవంగా కాల్చారు. క్యాథలిక్ రాణి మేరీ కాలంలో కాలిపోయిన ప్రొటెస్టెంట్ల చరిత్ర రాసిన జాన్ ఫాక్స్, వీళ్ళని కాల్చొద్దని ఎలిజబెత్ రాణికి ఉత్తరం రాశాడు. వాళ్ళ నమ్మకం తప్పేననీ, కానీ కాల్చడం మాత్రం వద్దనీ వేడుకున్నాడు. ఫలితం లేదు. 1612లో లిచ్‌ఫీల్డ్‌లో కాలిపోయిన ఎడ్వర్డ్ వైట్‌మన్ మీద మోపిన నేరాల్లో త్రిత్వాన్ని కాదనడంతో పాటు పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదనడం కూడా ఉంది. మతద్రోహం నేరం మీద ఇంగ్లండు కాల్చిన చివరి మనిషి అతనే.

ఇక్కడో తమాషా మనిషి గురించి చెప్పాలి. జాన్ స్మిత్, కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. ఇంగ్లండులో ఉండలేక తన గుంపుతో ఆమ్‌స్టర్‌డాం పారిపోయాడు. 1609కల్లా పసితనంలో పొందింది బాప్తిస్మమే కాదని తేల్చుకున్నాడు. మరి మొదటి బాప్తిస్మం ఎవరివ్వాలి? ఇచ్చేవాడు ముందు పొంది ఉండాలి కదా. విత్తు ముందా చెట్టు ముందా! మొదటి కంపైలర్ని ఏ కంపైలర్తో కంపైల్ చేస్తారన్న ప్రశ్నలాంటిదే. స్మిత్ ఏం చేశాడంటే, తన నెత్తిన తనే నీళ్ళు పోసుకున్నాడు! తర్వాత మిగతావాళ్ళకిచ్చాడు. ఊరంతా నవ్వింది. కొన్నాళ్ళకి ఆయనకే అనుమానమొచ్చి, ఇది తప్పు, అప్పటికే ఉన్న మెన్నొనైట్ల దగ్గర తీసుకోవాల్సింది అని వాళ్ళలో కలవబోయాడు. నా మటుకు నాకు ఆయన మీద గౌరవమే కలిగింది. తప్పని తోచినప్పుడల్లా నలుగురూ నవ్వుతారని తెలిసీ ఒప్పుకున్నాడు.

స్మిత్‌తో విభేదించి ఇంగ్లండుకి తిరిగొచ్చినవాడు థామస్ హెల్విస్. పారిపోవడం పిరికితనం అనుకుని, జైలు ఖాయమని తెలిసీ వచ్చాడు. లండన్ శివార్లలో స్పిటల్‌ఫీల్డ్స్ దగ్గర ఆయన నడిపిందే ఇంగ్లండు గడ్డ మీద మొదటి బాప్టిస్టు సంఘం. 1612లో అచ్చైన పుస్తకంలో ఆయన రాజు జేమ్స్‌ని ఉద్దేశించి చెప్పింది క్లుప్తంగా ఇదీ: రాజు మనిషేగానీ దేవుడు కాడు, ప్రజల ఆత్మల మీద ఆయనకి అధికారం లేదు. అంతటితో ఆగలేదు. మతభ్రష్టులైనా, తుర్కులైనా, యూదులైనా సరే, నమ్మకం విషయంలో శిక్షించే హక్కు రాజుకి లేదన్నాడు. 1612లో! న్యూగేట్ జైల్లో పడేశారు. 1616 నాటికి చనిపోయాడు.

గమనించారా? పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వొచ్చా అని మొదలైన ప్రశ్న, తిన్నగా మతస్వేచ్ఛ దగ్గరకి తీసుకొచ్చింది. బిడ్డ తరఫున వేరేవాళ్ళు నమ్మడం కుదరదంటే, ప్రజల తరఫున రాజు నమ్మడమూ కుదరదు.

1640ల్లో అంతర్యుద్ధం వచ్చి సెన్సారు కూలిపోయాక ఈ గొడవ వీధికెక్కింది. 1642లో సదర్క్‌లో డేనియల్ ఫీట్లీ అనే పండితుడు బాప్టిస్టులతో వాదించి, తర్వాత ముంచేవాళ్ళనే ముంచాను అని అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. చిలకరించడం కాదు, నిండా ముంచాలి అన్న పట్టుదల బాప్టిస్టుల్లో బలపడింది కూడా ఆ రోజుల్లోనే. శామ్యూల్ ఓట్స్ అనే బోధకుడి చేతుల మీదుగా మునిగిన ఒకామె కొద్దివారాలకి చనిపోతే, 1646లో అతని మీద హత్యకేసు పెట్టారు. జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. 1648లో పార్లమెంటు, అవును, రాజు నిరంకుశత్వం మీద పోరాడిన పార్లమెంటే, పసిపిల్లల బాప్తిస్మం చెల్లదనేవాళ్ళు మాట వెనక్కి తీసుకోకపోతే జైలు అని చట్టం చేసింది.

నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం 1650 జనవరి 1న బ్యూడ్లీ అనే చిన్న ఊళ్ళో జరిగింది. ఒకవైపు రిచర్డ్ బాక్స్‌టర్, ఇంకోవైపు జాన్ టూంబ్స్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చర్చిలో జనం మధ్య వాదించుకున్నారు. టూంబ్స్ వాదన: పిల్లలకి ఇమ్మన్న ఆజ్ఞ చూపించు. బాక్స్‌టర్ వాదన: పాత నిబంధనలో పిల్లలు దేవుని ప్రజల్లో సభ్యులే కదా, ఆ సభ్యత్వం రద్దయినట్టు ఎక్కడుందో నువ్వు చూపించు. చూశారా, ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే పుస్తకం. తగువల్లా డిఫాల్ట్ విలువ ఏంటన్నదే! ఒకరికి స్పష్టంగా చేర్చేదాకా బిడ్డ బయట, ఇంకొకరికి స్పష్టంగా తీసేసేదాకా బిడ్డ లోపల. పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఇది తేలదు.

బాక్స్‌టర్ని మూర్ఖుడని కొట్టిపారేయడం తేలిక. చలిదేశంలో మనుషుల్ని నిండా ముంచడం హత్యతో సమానం అని రాసినవాడాయన. కానీ ఆయన పట్టుదల వెనక ఓ జాలి కూడా ఉంది. ఆ కాలపు ఇంగ్లండులో పుట్టిన పిల్లల్లో సుమారు ఏడుగురిలో ఒకరు మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. అలాంటి చోట తల్లి దగ్గరకెళ్ళి, నీ బిడ్డ ఇంకా మనలో లేదమ్మా, పెద్దయ్యాక చూద్దాం అంటే ఎలా ఉంటుంది? ఈ దుఃఖానికి బాప్టిస్టుల దగ్గరా జవాబుంది. వాళ్ళలో జనరల్ బాప్టిస్టులనే శాఖ 1660 నాటి తమ విశ్వాస ప్రకటనలో, పసితనంలో చనిపోయిన బిడ్డ ఎవరిదైనా సరే నరకానికి పోదని రాసుకుంది. బిడ్డని కాపాడేది నీళ్ళు కాదు, దేవుడి దయ అని.

కానీ రాజ్యానికి దయ లేదు. 1662 నాటి ప్రార్థనా పుస్తకంలో, బాప్తిస్మం లేకుండా చనిపోయినవాళ్ళకి ఖనన ప్రార్థన చదవకూడదని నియమం పెట్టారు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ళూ, వెలివేసినవాళ్ళూ, బాప్తిస్మం లేని పసిబిడ్డా, అందరూ ఒకే వాక్యంలో! నాకు ఈ చరిత్ర మొత్తమ్మీద మంటల కంటే ఎక్కువ బాధ కలిగించింది ఈ వాక్యమే.

అదే పుస్తకంలో పెద్దవాళ్ళకిచ్చే బాప్తిస్మం కోసం కొత్త ఆరాధన విధానం కూడా చేర్చారు. అనబాప్టిస్టు మతం పెరిగిపోవడం వల్ల దాని అవసరం వచ్చిందని ముందుమాటలో ఒప్పుకున్నారు. ఆఖరికి 1689 సహన చట్టం, ఇంగ్లండు చర్చి సిద్ధాంతాల్లో పసిపిల్లల బాప్తిస్మం గురించిన ఆ ఒక్క ముక్కనీ ఒప్పుకోకుండా వదిలేసే వీలు బాప్టిస్టు బోధకులకి ఇచ్చింది. ఇంతమంది బాధపడితే చివరికి దొరికింది ఒక్క మినహాయింపు! ఐనా అదేం చిన్నది కాదు.

నా అభిప్రాయం అడిగితే, సూత్రం విషయంలో నేను హెల్విస్ పక్షం. నమ్మకాన్ని ఒకరి తరఫున ఇంకొకరు సంతకం పెట్టలేరు. ఐతే "నువ్వు పుట్టగానే మా మనిషివే" అని బిడ్డతో చెప్పాలన్న ఆరాటాన్ని మాత్రం ఎగతాళి చేయలేను. దాన్ని చట్టంతో, జైలుతో అమలు చేసినప్పుడే అది విషమైంది. పుట్టుక ముద్రలతో మనం పడుతున్న పాట్లు చూస్తే ఈ తేడా మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తగువు ఓడలెక్కి మనదాకా వచ్చింది. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో, 1842లో లూథరన్లు గుంటూరులో అడుగుపెట్టారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, తమ నోటితో తాము అడిగి. మావాడి అత్తగారి "అదే అడిగి తీసుకుంటుంది లెండి" వెనక ఇంత కథ ఉందన్నమాట.

ఇదంతా మావాడికి చెప్పాను. "ఐతే ఇంతకీ ఏం చేయమంటావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ ఇద్దరు అమ్మమ్మా నానమ్మలు ఒకే సోఫాలో కూర్చుని, ఒకే పాపని ఎత్తుకుని, నాలుగొందల ఏళ్ళ తగువుని కాఫీ తాగుతూ ఆడుకుంటున్నారు. మధ్యలో పోలీసు లేడు, రాజు లేడు. హెల్విస్ అడిగింది అదే కదా!