ఉక్కుబండ్లు – అత్యవసర క్రయము

మన సైన్యమునకు నూతన కవచశకటములు కొనబడినవని వార్త వచ్చినప్పుడెల్ల జయధ్వానములు చేయుట పరిపాటియైనది. ఛాయాచిత్రములు ప్రకటింపబడును, ఉపన్యాసములు వినబడును. ఆ శకటములు రావలసినవే. కాని అవి ఏ వేళకు వచ్చుచున్నవి, ఎందరు గతించిన పిమ్మట వచ్చుచున్నవి యని అడుగువారు కానరారు. ఆ యప్రియకార్యమునకు మేము పూనుకొనుచున్నాము.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఇరువదిమంది వీరులు నేలకొరిగిరి. వారి నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. వారు ప్రాణములు విడిచినది బండ్లు లేక కాదు, నిజమే. కాని ఆ యలజడి నడుమనే 2021 ఫిబ్రవరిలో రక్షణశాఖవారు 177.95 కోట్ల రూపాయలకు ‘కళ్యాణి ఎం-4’ శకటములను ‘అత్యవసర క్రయము’ క్రింద కొనుటకు ఒడంబడిక చేసికొనిరి. 1962 నాటినుండి గుమ్మమున కూర్చున్న తగవు 2021లో అత్యవసరమయ్యెనా?

పుల్వామా సంగతి మరింత శోచనీయము. 2019 ఫిబ్రవరి 14న నలువదిమంది రిజర్వు పోలీసు జవానులు సామాన్యపు బస్సులో పోవుచుండగా, ప్రేలుడుమందు నింపిన కారొకటి వచ్చి తాకెను. సరిగా వారము దినములకు, ఫిబ్రవరి 21న, జమ్ము–శ్రీనగరముల నడుమ జవానులెల్లరును విమానములలో పోవచ్చునని ఉత్తరువు వెలువడెను. ఏడు దినములలో ఈయగలిగిన ఉత్తరువును ఎనిమిది దినములకు ముందు ఈయకుండుటకు అడ్డమేమి? చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. ఆ దళమువారు సైన్యమున చేరరనియు, వారి పద్దు హోంశాఖదనియు కొందరు సెలవిత్తురు. మందుపాతరకు ఆ భేదము తెలియునా?

ఈ అత్యవసరపు అలవాటు స్వదేశీయతకును చేటు తెచ్చుచున్నది. తొందరలో కొనువాడు అంగడిలో సిద్ధముగా నున్నదానినే కొనును. సిద్ధముగా నుండునది పరుల నమూనా. ఎం-4కు మూలము దక్షిణాఫ్రికావారి ‘ఎంబోంబే’ శకటము. అంతకుముందు 1990ల చివర మనవారు కొన్న ‘కాస్పిర్’ బండ్లును ఆ దేశమువే. వర్ణవివక్షా ప్రభుత్వము తన పోలీసులకై చేయించి నల్లజాతివారి పేటలలో త్రిప్పిన బండ్లవి. 1893లో గాంధీజీని రైలుపెట్టెనుండి దింపివేసిన దేశమునుండి మన జవానుకు బండి రావలసివచ్చుట చరిత్రలోని వింతలలో నొకటి. విద్య ఎక్కడనున్నను నేర్వవలసినదే. పడవ అడుగువలె కోసుగా చేసిన ఆ బండి అడుగు ప్రేలుడు వేగమును ఇరుప్రక్కలకు మరల్చును. ఇది దేవరహస్యము కాదు. సంగారెడ్డి చెంత ఎద్దుమైలారమున 1984లో వెలసిన కర్మాగారము మందుపాతరలకు ఓర్చు శకటములను చేసియే యున్నది. ఏటేట నిలుకడగా పని యొసగినచో అచ్చటి పనివారు పరుల నమూనాకై చేయి చాచుదురా? వారికి దొరకవలసినది నియతమైన పద్దు. దొరకుచున్నది ప్రమాదము జరిగిన ఏటి హడావుడి.

కవచము కట్టిన బండియు పగిలినది గదా, ఈ వ్యయమెందుకని ఆక్షేపించువారును కలరు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారము చెంత అట్టి బండియే పేలి తొమ్మండుగురు గతించిరి. మేమది మరువలేదు. ఎంత ఉక్కునకైనను మించిన మందు ఉండును. కాని మరుసటి ఏడు మే 1న గడ్చిరోలిలో పదునైదుగురు పోలీసులును డ్రైవరును మరణించినది కవచమే లేని ప్రైవేటు వాహనములో. ఒకచోట ఉక్కు చాలలేదు, ఒకచోట ఉక్కే లేదు. మొదటిది ఇంజనీరు దిద్దవలసిన లోపము, రెండవది ప్రభుత్వము జవాబీయవలసిన నేరము. ఈ రెంటిని ఒకే త్రాసున తూచువారితో మాకు వాదము లేదు.

మేము కోరునది చిన్న లెక్క. ప్రమాదపు బాటలలో జవానులను మోయు బండ్లెన్ని, వానిలో కవచము లేనివెన్ని, ఈ ఏట మార్చబడునవెన్ని యని బడ్జెటుతోపాటు పార్లమెంటు ముందుంచవలెను. రహస్యమని చెప్పి తప్పించుకొనుట తగదు. ఏ బస్సుకు కవచము లేదో బాట ప్రక్కన నిలిచి చూచు శత్రువునకు తెలిసియే యున్నది. తెలియనిది పన్నులు కట్టు మనకే.