చిన్న దెబ్బకూ లెక్క ఒకటే

గోల్ఫ్ అనగానే బంతిని ఆకాశానికెగరేసే పెద్ద దెబ్బే గుర్తొస్తుంది. చప్పట్లూ దానికే. కానీ లెక్కలో 200 గజాల దెబ్బా ఒకటే, 2 అడుగుల పట్ కూడా ఒకటే. పార్ 72 అయితే అందులో 36 పట్‌లకే! అందుకే సాధన పటింగ్‌తోనే మొదలవ్వాలంటాను.

టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క దెబ్బలో తప్పింది. తనకన్నా చాలా దూరం కొట్టేవారి మధ్య ఆమెకు అండ పటింగే.

పద్ధతి సులువే. కళ్లు బంతికి సూటిగా పైన ఉండాలి. మణికట్టు వంచకుండా, భుజాలతో గడియారం లోలకంలా పటర్‌ను ఊపాలి. బంతి కదిలాక కూడా తల వెంటనే ఎత్తకూడదు.

గోల్ఫ్ రంధ్రం వెడల్పు 4.25 అంగుళాలు. మన మంచినీళ్ల గ్లాసు నోరు అంతకన్నా చిన్నది. దాన్ని నేలమీద పడుకోబెట్టి 3 అడుగుల నుంచి కొట్టండి. పదికి పదీ లోపలికి వెళితేనే ఒక అడుగు వెనక్కి జరగండి.

పిల్లలూ! అమ్మకో నాన్నకో బదిలీ అయితే మైదానం మారుతుంది, కోచ్ మారతారు. మూడడుగుల నేల మాత్రం ఏ క్వార్టర్స్‌లోనైనా దొరుకుతుంది. సాధన ఆపడానికి బదిలీని సాకుగా చెప్పకండి.