ఇంటికొచ్చాక వచ్చే వాపు

కర్ణాటక-ఆంధ్ర సరిహద్దులో మా వైపు వణుకు రోగం (పార్కిన్సన్స్) ముదిరి మందులకు లొంగనివాళ్లు విదురాశ్వత్థలో నాగులకు మొక్కి, గౌరీబిదనూరులో రైలెక్కి బెంగళూరు చేరతారు. నిమ్హాన్స్‌లోనో మరో పెద్దాసుపత్రిలోనో కొందరికి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ చేయించుకొమ్మని చెబుతారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, మిల్లీమీటరుంబావు మందం తీగను మెదడు లోతుల్లోకి దించుతారు. ఛాతీలో చర్మం కింద అమర్చిన బ్యాటరీ దానికి సన్నపాటి కరెంటు పంపుతుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబీడ్ అనే వైద్యుడు వేసిన బాట ఇది. రోగం పోదు గానీ వణుకు, బిగుసుకుపోవడం బాగా తగ్గుతాయి. ఆ ఆపరేషన్ మీద నాకు నమ్మకముంది. నా బెంగంతా ఆ తర్వాతి రోజుల గురించే.

తీగ దిగిన దారి వెంట మెదడు కాస్త వాస్తుంది. మొదట్లో ఆ వాపు మేలే చేసినట్టుంటుంది. కరెంటు ఇంకా ఇవ్వకముందే చెయ్యి కుదురుకుంటుంది, నడక తేలికవుతుంది. ఇంట్లోవాళ్లు నయమైపోయిందనుకుంటారు. వాపు తగ్గి వణుకు మళ్లీ మొదలైతే, పోసిన లక్షలన్నీ బూడిదలో పోసిన పన్నీరేనని కుమిలిపోతారు. కానీ కరెంటు మోతాదు కుదిర్చే అసలు పని చాలాచోట్ల కొన్ని వారాలకు గానీ మొదలుకాదు. ఈలోగా బాగానే ఉంది కదా అని మాత్రలు మానేస్తే మరీ ప్రమాదం. ఆ మాత్రల్లో ఉండే లెవోడోపా మందును ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

కొద్దిమందిలో వాపు ఇంకా పెరుగుతుంది. అదీ ఇంటికొచ్చాక, కొన్ని రోజులకో రెండు మూడు వారాలకో. మనిషి తికమకపడతాడు, మాట తడబడుతుంది, తల నొప్పెడుతుంది, ఒక్కోసారి మూర్ఛ వస్తుంది. సీటీ స్కాన్‌లో తీగ చుట్టూ నల్లటి నీడ కనిపిస్తుంది. అది చీము కాదు. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది, లేదా డాక్టర్లు స్టెరాయిడ్లతో తగ్గిస్తారు. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని తీగ తీసేస్తే మాత్రం పడిన కష్టమంతా వృథా. అలాగని వాపేలే అని ఇంట్లో కూర్చోనూ కూడదు. నిజంగా చీము పట్టినా, రక్తం కారినా ఇలాగే మొదలవచ్చు. తేల్చాల్సింది స్కాన్, దాన్ని చూసే డాక్టరు.

చాలా ఆసుపత్రుల్లో డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఇస్తారు, మాట కన్నడంలో చెబుతారు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో మంచం పక్కన కూర్చునే కోడలిది తెలుగు. అర్ధరాత్రి మామగారు కన్నకొడుకునే ఎవర్నువ్వని అడిగితే, అది వయసు తెచ్చిన మతిమరుపో, పక్షవాతమో, వాపో ఆమెకెలా తెలుస్తుంది?

ఆసుపత్రులవారూ, కన్నడం, తెలుగు రెండింట్లో ఒక్క కాగితం ఇవ్వండి. వణుకు తిరిగొస్తే బెంబేలు పడొద్దని, మాత్రలు మానొద్దని రాయండి. మాట తడబడినా, మూర్ఛ వచ్చినా, కుట్లు ఎర్రబడినా ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాయండి. స్టెరాయిడ్లు మెడికల్ షాపులో సొంతంగా కొని వేయొద్దని, షుగరున్నవాళ్లకు అసలే వద్దని రాయండి. కింద తాలూకా ఆసుపత్రి డాక్టరుకూ నాలుగు మాటలు: సీటీ తీయవచ్చు, ఎమ్మారైకి ముందు మమ్మల్ని అడగండి, డయాథెర్మీ జోలికి పోవద్దు, తీగను ముట్టుకునేముందు మాతో మాట్లాడండి. దీనికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. తెలుగొచ్చిన నర్సులు, డాక్టర్లు బెంగళూరులో ఉన్నారు. వాళ్లలో ఒకరికి ఈ కాగితం రాసేందుకు ఓ మధ్యాహ్నం డ్యూటీ తప్పించండి.

— పినాకిని