చేతి కాగితం మీద శుభలేఖ

అమ్మాయి పెళ్ళికి నూరు శుభలేఖలు ఇంట్లోనే అచ్చు వేసుకోవాలని ఒక సోదరి ముచ్చట. ఎగ్జిబిషనులో పూరేకులు కలిసిన చేతి కాగితం కొన్నారట. "మావారి ఆఫీసులో లేజర్ ప్రింటరు ఉన్నది, ఇంట్లో ఇంక్‌జెట్ ఉన్నది. దేనిమీద వేయమంటారు?" అని అడిగారు. ఉన్న కాగితాలు కొద్ది, ముహూర్తం దగ్గర పడింది. కాబట్టి ముందే చెబుతున్నాను: ఇంట్లో ఉన్నదాని మీదే వేయండి.

ఎందుకంటారా? లేజర్ ప్రింటరులో సిరా ఉండదు. ఉండేది ప్లాస్టిక్ కలిసిన మెత్తని పొడి. అది కాగితానికి అంటుకోవాలంటే సుమారు 200 డిగ్రీల వేడిలో రోలర్ల మధ్య నలగాలి. గరుకు కాగితం గుంటల్లో ఆ పొడి సరిగా పట్టదు. గోటితో గీకితే రాలుతుంది. పూరేకు ఊడి రోలరుకు అంటుకున్నదో, శుభలేఖతోపాటు యంత్రమూ పాడవుతుంది. పెళ్ళి పనుల మధ్య మీవారు ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది! తళుకుపొడి అద్దిన కాగితమైతే ఏ ప్రింటరులోనూ పెట్టరాదు.

ఇంక్‌జెట్ కాగితాన్ని అలా వేడి రోలర్ల మధ్య నొక్కదు. సన్నని రంధ్రాల నుంచి సిరా చుక్కలు చిమ్ముతుంది. అయితే దీని చిక్కు దీనికీ ఉన్నది. సాంగనేరు వంటి చోట్ల నూలు పీలికల గుజ్జుతో కాగితం చేస్తారు. అందులో జిగురు పాలు తక్కువైతే అది అద్దుడు కాగితంలా సిరా పీల్చుకుంటుంది. అప్పుడు మన వత్తులూ గుడులూ ముద్దగా కలిసిపోతాయి. వియ్యాలవారి ఇంటిపేరే చదవరాకపోతే ఇంకేమున్నది! అక్షరం 14 పాయింట్లకు తగ్గనివ్వకండి. సన్నని సోకు అక్షరాలు వద్దు.

మామూలు ఆఫీసు కాగితం చదరపు మీటరుకు 70, 80 గ్రాములు తూగుతుంది. చేతి కాగితం 200 గ్రాములు కూడా ఉండవచ్చు. మీ ప్రింటరు ఎంత మందం భరిస్తుందో దానితో వచ్చిన పుస్తకంలో చూడండి. వెనుకనుంచి కాగితం పెట్టే వీలుంటే అదే మేలు. ముందు అరలో పెడితే కాగితం లోపల మెలి తిరగాలి. మందపు కాగితం అక్కడే ఇరుక్కుంటుంది.

చేతి కాగితం అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. స్టీలు స్కేలు ఆనించి 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు ఉండేట్టు కోయండి. మెత్తని బ్రష్షుతో పీచు దులపండి. పూరేకులు పైకి లేచిన కాగితాలు పక్కన పెట్టండి. కంప్యూటరులో మందపు కాగితమని ఎంచి, ఒక్కొక్కటిగా పెట్టండి. ముందు తెల్ల కాగితం మీద వేసి అచ్చుతప్పులు దిద్దుకోండి. తరువాత ఒక్క చేతి కాగితాన్ని పరీక్షకు బలి ఇవ్వక తప్పదు.

ఆ పరీక్ష దేనికంటే, పసుపు కోసం. నాలుగు మూలలా పసుపు పెట్టకుండా శుభలేఖ పంచుతామా? ఇంక్‌జెట్ సిరాల్లో డై రకం తడి తగిలితే పాకుతుంది. పిగ్మెంటు రకం అంతగా చెదరదు. కొన్ని ప్రింటర్లలో నలుపు మాత్రమే పిగ్మెంటు, రంగులన్నీ డై. పరీక్ష కాగితం బాగా ఆరాక తడివేలితో రుద్ది చూడండి. చెదిరితే మూలల్లో అంగుళం మేర ఖాళీ వదలండి. పసుపును నీళ్ళగా కాక ముద్దగా కలిపి, మర్నాడు పెట్టండి.

ఇంత చేసినా అక్షరం పాకుతున్నదా? దిగులు పడకండి. తెల్ల కాగితం మీద జిరాక్సు షాపులో లేజర్ అచ్చు వేయించి, చేతి కాగితం మీద పలచగా మైదా జిగురుతో అంటించండి. లేజర్ అక్షరం తడికి చెదరదు. చుట్టూ పూరేకులు కనిపిస్తాయి. చూసినవారు కావాలనే అలా చేయించారనుకుంటారు.